వినేవారి పీట

మేడమ్ గారికి, మా వదినగారితో కలిసి చదువుకున్న మీ అందరికీ నమస్కారాలు.

ముందుగా నన్ను క్షమించాలి. నేను ఏడో తరగతితో ఆపేశాను. ఒత్తులూ దీర్ఘాలూ ఎక్కడ పడాలో నాకు సరిగ్గా తెలియదు. దస్తూరి కూడా బాగుండదు, వరుస ఎప్పుడూ కిందికి జారిపోతుంది. ఇంట్లోవాళ్ళు ఎవరైనా వదినగారి గురించి నాలుగు ముక్కలు రాసి పంపితే, మీ క్లాసుగదిలో అందరూ కూర్చుని చదువుకుంటామని మీరు ఫోనులో అన్నారట. మా ఆయన తన వల్ల కాదన్నారు. అత్తయ్యగారికి చదువు రాదు. ఇక మిగిలింది నేను. మనుషుల ముందు నాకు నోరు పెగలదు. కాగితం ముందైతే కొంచెం పరవాలేదు.

వదినగారు, అంటే మా ఆయన అక్కగారు, పోయిన కబురు మా ఇంటికి మధ్యాహ్నం అన్నం వార్చే వేళకి వచ్చింది. మా ఆయన ఏలూరు ఆసుపత్రి నుంచి బండి మీద వచ్చారు. గేటు ముందు బండి ఆగింది గానీ ఇంజను ఆగలేదు. దిగకుండానే, హెల్మెట్ తియ్యకుండానే, "అక్క పోయిందమ్మా" అన్నారు. అత్తయ్యగారు గంజి మొత్తం వారేదాకా గిన్నె వంచి పట్టుకునే ఉన్నారు. తర్వాత మూత తీసి అన్నం చూశారు. "మెత్తబడిపోయింది. దానికి మెత్తగా ఉంటే నచ్చదు" అన్నారు. అప్పుడు కూలబడ్డారు.

నాకు అప్పుడు ఏడో నెల. కడుపుతో ఉన్నవాళ్ళు శవాన్ని చూడకూడదని మా వైపు పట్టింపు. అందుకని వదినగారిని తీసుకొచ్చేలోగానే నన్ను పక్కింటికి పంపేశారు. పక్కింటి పిన్నిగారు కిటికీ తలుపులు కూడా మూసి గడియ పెట్టారు. డప్పులు మొదలవడం విన్నాను. అత్తయ్యగారి ఏడుపు విన్నాను. అడుగుల చప్పుడు మా వీధి చివర చెరువుల దారి వైపు వెళ్ళిపోవడం విన్నాను. ముఖం మాత్రం చూడలేదు.

నాకు ముఖం చూపించకుండా తీసుకెళ్ళిపోయింది వదినగారిని ఒక్కరినే కాదు. ఆ మాట చెప్పకపోతే మీకు ఆవిడ గురించి ఏమీ చెప్పినట్టు కాదు. అందుకే చెబుతున్నాను.

మాది కొల్లేరు అంచున ఉన్న ఊరు. కొంచెం వరి, మిగతాదంతా చేపల చెరువులు. నా పుట్టిల్లు ఉండి దగ్గర. చిన్నప్పుడే అమ్మ పోయింది కనుక తొలికాన్పుకి కూడా నేను పుట్టింటికి వెళ్ళలేదు, అత్తవారింట్లోనే ఉండిపోయాను. నెలలు నిండాక ఏలూరు ఆసుపత్రిలో కాన్పయింది. పాప ఏడవలేదు. నేను ఎదురు చూస్తూనే ఉన్నాను. ఎవరో తలుపు తీసి, మళ్ళీ మూశారు. మగవాళ్ళు తీసుకెళ్ళి పూడ్చిపెట్టారు. చూస్తే మనసులో పడిపోతుందని, మళ్ళీ కడుపు నిలవదని, పెద్దవాళ్ళు నాకు చూపించలేదు. మంచికే చేశామనుకున్నారు. ఇంట్లో ఆ తర్వాత ఎవరూ ఆ ఊసు ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

కానీ పాలు వచ్చాయి. పాలకి ఏం తెలుస్తుంది. పాలు ఇంకడానికి మల్లెపూలు కడతారు మా దగ్గర. అత్తయ్యగారు పొద్దునా సాయంత్రం మల్లెలు గుడ్డలో పెట్టి నా గుండెల మీద గట్టిగా కట్టేవారు. పాలు ఇంకిపోయాయి. ఆ వాసన మాత్రం నన్ను వదల్లేదు. అప్పటి నుంచి మల్లెపూలు ఇంట్లోకి వస్తే కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకునేదాన్ని. తల్లో పెట్టుకోమంటే పెరట్లోకి వెళ్ళిపోయేదాన్ని.

"పూలు వద్దనే ముత్తయిదువుని ఎక్కడా చూడలేదు" అని అత్తయ్యగారు అందరితో అనేవారు. "దీనికేదో సోకింది. మాటా పలుకూ లేదు. తాయెత్తు కట్టించాలి" అని కూడా అన్నారు. నేను జవాబు చెప్పేదాన్ని కాదు. చెబితే ఏడుపొస్తుంది. ఏడిస్తే ఇంకేదో సోకిందంటారు.

అలాంటి రోజుల్లో వదినగారు మీ యూనివర్సిటీలో చేరారు.

ఆవిడ ఎందుకు చేరారో మీకు తెలిసే ఉంటుంది. ఆవిడని నల్లజర్ల వైపు ఇచ్చారు. ఆవిడ భర్తకి, అంటే అన్నయ్యగారికి, ఎవరివో మాటలు వినిపించేవట. ఆ గుడికీ ఈ గుడికీ తిప్పారు, తాళ్ళు కట్టించారు, గదిలో పెట్టి గొళ్ళెం వేశారు. ఒకరోజు పొద్దున్న కాలువకి స్నానానికని వెళ్ళి ఆయన తిరిగి రాలేదు. వదినగారు పుట్టింటికి వచ్చేశారు. "ఆయనకి వినిపించే మాటలేంటో మేం ఎవరం అడగలేదు అమ్మాయ్" అన్నారు నాతో ఒకసారి, చేపల మేత బస్తా కుడుతూ. బస్తా కుట్టేసి దారం పంటితో తెంపారు.

గూడెం దగ్గర పొలాల మధ్య చిన్న యూనివర్సిటీ ఉందని, అందులో మనసు బాగోని వాళ్ళకీ ఇల్లు బాగోని వాళ్ళకీ సాయం చేసే చదువు ఉందని ఎవరి ద్వారానో తెలుసుకున్నారు. డిగ్రీ పెళ్ళికి ముందే అయిపోయింది కాబట్టి సీటొచ్చింది. ఇక అత్తయ్యగారి గోల చూడాలి.

"ముప్పై దాటాక పుస్తకాల సంచీ ఏంటే? ఊళ్ళో నవ్వుతున్నారు. అదీ పిచ్చోళ్ళ చదువు!"

"పిచ్చోళ్ళ చదువు కాదమ్మా. మనలాంటోళ్ళ చదువు."

"అదేగా నేనన్నది!"

వదినగారు అంత గట్టిగా నవ్వడం నేను ఆ రోజే మొదటిసారి విన్నాను.

తెల్లవారి బస్సుకి ఏలూరు వెళ్ళి, అక్కడి నుంచి పాసింజరు రైల్లో గూడెం చేరేవారు. సాయంత్రం దీపాల వేళకి ఇల్లు. కాళ్ళు కడుక్కుని, టీ తాగుతూ మీ క్లాసు సంగతులు చెప్పేవారు. గదులు నాలుగేనని, పక్క చేలో ట్రాక్టరు తిరిగితే పాఠం వినబడదని, మేడమ్ గారు బల్ల మీద కూర్చుని చెబుతారని. మిమ్మల్ని ఎవరినీ నేను చూడలేదు గానీ, మీ మధ్యాహ్నం కారేజీల్లో ఎవరు ఏ కూర తెచ్చుకుంటారో నాకు తెలుసు.

ఒక ఆదివారం మధ్యాహ్నం వంటింట్లోకి వచ్చి, "అమ్మాయ్, నాకో సాయం చెయ్యాలి" అన్నారు.

"చెప్పండి వదినగారూ."

"మాకు ప్రాక్టీసు ఇచ్చారు. ఒకళ్ళు కష్టంలో ఉన్నవాళ్ళు, ఒకళ్ళు వినేవాళ్ళు. నువ్వు కష్టంలో ఉండు. నేను వింటాను."

"నాకేం కష్టం ఉందండీ?"

"నీకని ఎవరన్నారు? కల్పించి చెప్పు. ఏ ఊరో, ఏ మనిషో. నీ ఇష్టం."

రెండు పీటలు తెచ్చారు. ఒకటి ఎత్తుది, ఒకటి పొట్టిది. నేను మామూలుగా పొట్టి పీట మీద కూర్చోబోయాను. "అది నాది" అన్నారు. చెప్పేవాళ్ళ కన్నా వినేవాళ్ళు ఎత్తులో కూర్చోకూడదని మీరు చెప్పారట. ఇంటి కోడలు ఎత్తు పీట మీద, ఇంటి ఆడపడుచు పొట్టి పీట మీద. ఎవరైనా చూస్తారేమోనని నాకు చెమటలు పట్టాయి. ఆవిడ పక్కన నీళ్ళ చెంబు పెట్టుకున్నారు. సలహా నోటిదాకా వచ్చినప్పుడల్లా ఒక గుక్క నీళ్ళు తాగాలని మీరే చెప్పారట. "నేను ఇంటికి పెద్దకూతుర్ని. పుట్టినప్పటి నుంచీ సలహాలే. నాకు చెంబు చాలదు, బిందె కావాలి" అనేవారు.

మొదట్లో నాకు కల్పించడం చేతకాలేదు. తాగుబోతు మొగుడున్న ఆవిడలా చెప్పాను. చెబుతూ చెబుతూ ఏడుపు గొంతు కూడా పెట్టాను. పక్కింటి పిన్నిగారు గోడ అవతల బట్టలు ఆరేస్తూ అంతా విన్నారు. సాయంత్రం మా ఆయన చెరువు మీద నుంచి రాగానే గుమ్మంలోనే పట్టుకున్నారు.

"ఏరా, తాగుతున్నావంట?"

"నేనా? ఎవరన్నారు పిన్నీ?"

"నీ పెళ్ళామే చెప్పుకుని ఏడ్చిందిరా. పేకాట కూడానంట!"

మా ఆయన టీ తప్ప ఏమీ తాగరు. ఆయన ముఖం చూసి వదినగారు పొట్ట పట్టుకుని నవ్వారు. నేను సిగ్గుతో పెరట్లోకి పరిగెత్తాను. ఆ తర్వాత ప్రాక్టీసుకి తలుపు వేసుకునేవాళ్ళం.

చెప్పింది గుర్తు పెట్టుకోవడానికి ఆవిడ పాత క్యాలెండరు కాగితాల వెనక రెండు మూడు ముక్కలు రాసుకునేవారు. ప్రాక్టీసు అయి లేవగానే ఆ కాగితాన్ని పెరట్లో నీళ్ళు కాచే పొయ్యిలో వేసేవారు. "ఇది ఉత్త ప్రాక్టీసే కదండీ" అన్నాను. "ప్రాక్టీసు మాటైనా గదిలోదే" అన్నారు. కాగితం కాలేవరకూ పొయ్యి దగ్గరే నిలబడేవారు.

ఇలా కొన్నాళ్ళు గడిచాక ఒక మధ్యాహ్నం నా నోట్లోంచి ఆ మాట వచ్చింది. రావాలని నేను అనుకోలేదు.

"ఒక ఊళ్ళో ఒకావిడ ఉందండీ. పూలు పెట్టుకోదు."

"ఊఁ."

"అందరూ పొగరు అనుకుంటారు. సోకింది అనుకుంటారు."

"ఆవిడ ఏమనుకుంటుంది?"

నన్ను అంతవరకూ ఎవరూ అలా అడగలేదు. నేను చెప్పాను. తలుపు తెరిచి మూసిన సంగతి, పాల సంగతి, మల్లెల సంగతి. అంతా 'ఆవిడ' అనే చెప్పాను. చివరికి, "ఆవిడకి ఒక్కటే బాధండీ. పాప ఎలా ఉందో తెలియదు. కలలో వస్తుంది గానీ ముఖం ఉండదు. ముఖం లేని పాపని ఎలా ఎత్తుకుంటుందండీ? అందుకే ఆవిడకి ఒక్కోసారి లేవాలనిపించదు. అసలు ఇక లేవకపోతే బాగుండును అనిపిస్తుంది" అన్నాను.

వదినగారు చెంబు ఎత్తారు. నీళ్ళు తాగలేదు. మళ్ళీ కింద పెట్టారు.

"ఆ ఊళ్ళో ఆవిడకి ఒక ఆడపడుచు ఉంది" అన్నారు నెమ్మదిగా. "ఆ రోజు ఆసుపత్రిలో పాపని ఆ ఆడపడుచే ఎత్తుకుంది. ఆకుపచ్చ తువ్వాల్లో చుట్టింది. పాపకి జుట్టు ఒత్తుగా ఉంది. కుడి చెవి పైన కొంచెం మడిచినట్టుంది, వాళ్ళ నాన్నకి ఉన్నట్టే. గోళ్ళు కూడా పెరిగి ఉన్నాయి. నిద్రపోతున్నట్టే ఉంది. ఆవిడకి చెప్పు. చెరువు గట్టు మీద చిన్న కొబ్బరి మొక్కల వరస ఉందే, దాని చివర పెట్టారని కూడా చెప్పు."

నేను 'చెబుతానండీ' అన్నాను. తర్వాత ఆ ఎత్తు పీట మీద నుంచి జారి ఆవిడ ఒళ్ళో పడి ఎంతసేపు ఏడ్చానో తెలియదు. అత్తయ్యగారు తలుపు కొట్టారు. "ప్రాక్టీసు అమ్మా, ప్రాక్టీసు!" అని లోపల నుంచే అరిచారు వదినగారు. ఆవిడ గొంతు కూడా బాగోలేదు.

మేడమ్ గారూ, వినేవాళ్ళు తమ సంగతి చెప్పకూడదని మీ రూలట. ఆ రోజు రూలు తప్పానని మీకు చెప్పేశానని, మీరు కాసేపు కిటికీలోంచి బయటికి చూసి తర్వాత పాఠం మొదలుపెట్టారని ఆవిడ నాతో అన్నారు. మీ మనసులో ఇప్పటికీ ఏమైనా ఉంటే తీసెయ్యండి. ఆవిడ రూలు తప్పకపోతే ఈ కాగితం రాయడానికి నేను లేను.

మర్నాడు పొద్దున్న చేపలకి మేత వెయ్యాలని చెప్పి నన్ను చెరువు మీదికి తీసుకెళ్ళారు. గట్టు చివరిదాకా నడిచాం. చేపలకి గాలి ఆడటానికి పెట్టే చక్రాలు నీళ్ళలో తిరుగుతున్నాయి. ఆవిడ ఒక చోట ఆగి, కొంచెం దూరం వెళ్ళి, అటు తిరిగి నిలబడ్డారు. నేను అక్కడ కూర్చున్నాను. గడ్డి మీద చెయ్యి పెట్టాను. అంతే. ఆ ఊళ్ళో ఆవిడ ఎవరో మేమిద్దరం ఎప్పుడూ పైకి అనుకోలేదు. అనుకోవలసిన అవసరం రాలేదు.

ఆ వారం నుంచి ఆవిడ ఏలూరు బస్టాండులో దిగినప్పుడల్లా అరటాకులో కనకాంబరాలు కట్టించుకుని తెచ్చేవారు. కనకాంబరాలకి వాసన ఉండదు. నా చేతిలో పెట్టి వెళ్ళిపోయేవారు. నేను తల్లో పెట్టుకుంటే అత్తయ్యగారు చూసి, "ఇవైతే పెట్టుకుంటావా? ఈ బుద్ధి ముందే ఉంటే తాయెత్తు డబ్బులు మిగిలేవి" అన్నారు. తను పూలు పెట్టుకోకూడని మనిషి, నాకోసం రోజూ పూలకొట్టు ముందు నిలబడేవారు. ఒకరోజు పూలమ్మే ఆవిడ పొరపాటున, "మీ జడకి ఎంత కట్టమంటారండీ?" అని అడిగిందట. "మా ఇంట్లో పొడుగు జడ ఉందండీ, మూర ఎక్కువే కట్టండి" అన్నానని నవ్వుతూ చెప్పారు.

రెండో ఏడాది చదువులో భాగంగా ఆవిడని కొల్లేరు లంక ఊళ్ళకి వేశారు. దోనెలో వెళ్ళి ఇల్లిల్లూ తిరిగేవారు. మొదటిరోజు ఒకావిడ అడిగిందట, "పింఛనొత్తాదాండీ?" అని.

"లేదండీ."

"మందులిత్తారాండీ?"

"లేదండీ. మీరు చెబితే వింటానండీ."

"ఇనడానికి దోనేసుకొచ్చారా? మా ఆయన ఒకే మంచం మీదుండి ఇనడు!"

తర్వాత ఆవిడే అందరికన్నా ఎక్కువ చెప్పిందట. ఏం చెప్పిందో మాత్రం వదినగారు నాకు ఎప్పుడూ చెప్పలేదు.

నాకు మళ్ళీ నెల తప్పినప్పుడు మొదట ఆవిడకే చెప్పాను. సంతోషం కన్నా భయం ఎక్కువ. ఆవిడ నన్ను ఎత్తు పీట మీద కూర్చోబెట్టి, తాను పొట్టి పీట మీద కూర్చున్నారు. "అంతా బాగానే ఉంటుంది" అనలేదు. అందరూ అదే అంటారు, ఆవిడ అనలేదు. "దేనికి భయం?" అని అడిగారు.

"మళ్ళీ తలుపు మూసేస్తారండీ."

"నేను లోపలే ఉంటాను. డాక్టరుగారితో మాట్లాడతాను. ఏది జరిగినా సరే, ముందు నీ చేతిలోనే పెడతాను. ఏడ్చినా, ఏడవకపోయినా."

ఆ మాట పట్టుకునే ఇన్ని నెలలు మోశాను. కానీ ఆవిడ అక్కడితో ఆగలేదు. ఆ మాట నేను కూడా నోరు తెరిచి అత్తయ్యగారితో చెప్పాలన్నారు. దానికీ ప్రాక్టీసే. తానే అత్తయ్యగారిలా చెంగు దోపుకుని, నడుం మీద చెయ్యి పెట్టి, "ఏంటే, ఏంటో గొణుగుతున్నావ్?" అనేవారు. నాకు నవ్వొచ్చేది గానీ మాట వచ్చేది కాదు. "ఏది జరిగినా నాకు చూపించండి అత్తయ్యగారూ." ఇంతే మాట. రేపు చెబుతానండీ అనేదాన్ని. "సరే రేపు. తొందరేముంది" అనేవారు.

ఈ ఏడాది వానలకి కొల్లేరు పొంగింది. లంక ఊళ్ళ చుట్టూ నీళ్ళు నిలబడిపోయాయి. ఇంట్లో వద్దంటే వదినగారు వినలేదు. మోకాలి లోతు మురుగునీళ్ళలో రోజులకి రోజులు తిరిగారు. ఇంటికి వచ్చాక కాళ్ళ మీద గీరుకుపోయిన చోట్ల పసుపు రాసుకునేవారు. జ్వరం వచ్చింది. మాత్రలు వేసుకుని దాచారు. చివరి పరీక్ష, వైవానో ఏదో అన్నారు, నోటితో చెప్పేదట, దానికి వెళ్ళకపోతే ఏడాది పోతుందన్నారు. ఆ పొద్దున్న బస్సు ఎక్కించడానికి నేను రోడ్డుదాకా వెళ్ళాను. చెయ్యి పట్టుకుంటే కాలిపోతోంది. "వెళ్ళొద్దండీ వదినగారూ" అన్నాను. బహుశా ఆవిడ మాటకి నేను అడ్డు చెప్పడం అదే మొదలు. ఆవిడ కళ్ళు మెరిశాయి. "చూశావా, నోరు వచ్చింది! ఇలాగే చెప్పాలి మీ అత్తగారికి" అన్నారు. బస్సు కదిలాక కిటికీలోంచి మళ్ళీ చెయ్యి ఊపారు.

పరీక్ష బాగానే చెప్పారట. తిరుగు రైల్లో ఏలూరు వచ్చి, బస్టాండులో పడిపోయారు. మీలో ఇద్దరు ఆసుపత్రి దాకా వచ్చి కూర్చున్నారని విన్నాను. మీకు ఎలా కృతజ్ఞత చెప్పుకోవాలో నాకు తెలియదు. నీళ్ళ వల్ల వచ్చే జ్వరమన్నారు, కిడ్నీలు పాడయ్యాయన్నారు, పెద్దాసుపత్రికి తీసుకెళ్ళే ఏర్పాట్లు చేస్తుండగానే అయిపోయింది. కడుపుతో ఉన్నదాన్నని నన్ను అక్కడికీ రానివ్వలేదు.

ఆవిడ చేతిసంచీ మా ఆయనతో ముందే ఇంటికి వచ్చింది. అందులో అరటాకు పొట్లం ఉంది. పూలు కొన్నాకే పడిపోయారన్నమాట. ఆకు నల్లబడింది. పూలు మాత్రం రంగు పోలేదు. పక్కింట్లో గడియ పెట్టిన గదిలో ఆ పొట్లం పట్టుకునే కూర్చున్నాను. ఒక్క పువ్వయినా ఆవిడ తల్లో పెట్టించమని పిన్నిగారిని అడుగుదామనుకున్నాను. పిన్నిగారు నా ముఖం చూసి, "భర్త పోయినదానికి పూలేంటమ్మా, పడుకో" అన్నారు. నేను ఇంకా అడగనే లేదు.

ఆవిడ పాసయ్యారని మీరు ఫోన్ చేసిన రోజు అత్తయ్యగారే ఫోనెత్తారు. "మంచి మార్కులేనా అండీ?" అని అడిగారు. "సరేనండీ, దానికి చెబుతాను" అని పెట్టేశారు. తర్వాత ఫోను చేతిలో పట్టుకుని గుమ్మం వైపు చూస్తూ కూర్చుండిపోయారు. ఆ రోజు నుంచి పిచ్చోళ్ళ చదువు అన్న మాట మా ఇంట్లో వినబడలేదు. అసలు ఏ మాటా వినబడటం లేదు. మా ఆయన చెరువు మీద ఉండిపోతున్నారు. అన్నం మెత్తగా అయినా పలుకుగా అయినా ఎవరూ ఏమీ అనరు.

వదినగారి ఫోను ఇంకా మోగుతుంది. లంక ఊళ్ళ ఆడవాళ్ళు చేస్తారు. నేను ఎత్తను. ఎత్తి ఏం చెప్పాలి? మొన్న ఒకసారి పొరపాటున ఎత్తాను. "మేడమ్ గారేనాండీ?" అంది అవతల ఒకావిడ. వదినగారిని వాళ్ళు అలాగే పిలుస్తారు. ఆవిడ నా జవాబు కోసం ఆగలేదు, చెప్పుకుంటూ పోయింది. నీళ్ళు తీసిన ఇంట్లోకి మళ్ళీ వెళ్ళాలంటే పాదం పడటం లేదంది. ఇంకా చాలా చెప్పింది. నా ముందు నీళ్ళ చెంబు లేదు. ఉమ్మి మింగుతూ కూర్చున్నాను. చివరికి, "మీతో చెప్తే తేలికయ్యిందండీ. మళ్ళీ చేత్తాను" అని పెట్టేసింది. వదినగారు లేరని ఆవిడకి తెలియదు. నాకు చెప్పడం రాలేదు. ఆవిడ మళ్ళీ చేస్తుంది. అప్పుడు ఏం చెయ్యాలో నాకు తెలియదు. మీలో ఎవరినైనా అక్కడికి పంపిస్తారా అని అడగాలని ఉంది. అడిగినట్టే అనుకోండి.

ఇక నా సంగతి. నాకు రోజులు దగ్గర పడుతున్నాయి. లోపల తన్నుతోంది. తన్నినప్పుడు సంతోషపడటానికి భయం. తన్ననప్పుడు ఇంకా భయం. అందరూ 'ఈసారి అంతా బాగుంటుంది' అంటున్నారు. బాగుండకపోతే తలుపు ఎవరు పట్టుకుంటారు? ముందు నా చేతిలో పెడతానన్న మనిషిని నాకు చూపించకుండానే తీసుకెళ్ళిపోయారు. ఇద్దరినీ అలాగే తీసుకెళ్ళారు. మూడోసారి కూడా తలుపు మూస్తే నేను మళ్ళీ లేవలేను. అది మాత్రం నాకు తెలుసు.

అందుకే మధ్యాహ్నం అందరూ పడుకున్నాక ఆ గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంటున్నాను. పొట్టతో ఎత్తు పీట మీద కూర్చోవడం కష్టంగా ఉంది, అయినా కూర్చుంటున్నాను. ఎదురుగా పొట్టి పీట వేసి, పక్కన చెంబు నిండా నీళ్ళు పెడుతున్నాను. "ఏది జరిగినా నాకు చూపించండి అత్తయ్యగారూ." పెదవులు కదులుతాయి. చప్పుడు రాదు. నిన్న 'ఏది' అన్న మాట వరకూ వచ్చింది. పొట్టి పీట అలాగే ఖాళీగా ఉంది. చెంబులో నీళ్ళు ఎలా పోసినవి అలాగే ఉన్నాయి. సాయంత్రం వాటిని కనకాంబరం మొక్కకి పోస్తున్నాను. కొమ్మ ఒకటి పక్కింటి నుంచి తెచ్చి నాటాను. అది బతుకుతుందో లేదో ఇంకా తెలియదు.

మీ గదిలో తలుపు వేసుకుని దీన్ని ఒకసారి చదవండి. అచ్చు వెయ్యకండి, ఎవరికీ చూపించకండి. మా అత్తయ్యగారి మీద కోపం తెచ్చుకోకండి. చదవడం అయ్యాక కాల్చెయ్యండి. పొయ్యిలో పడేసి వెళ్ళిపోవద్దు. కాలిన కాగితం నల్లగా ముడుచుకున్నాక కూడా దాని మీద అక్షరాలు కాసేపు తెల్లగా కనిపిస్తూనే ఉంటాయి. వదినగారు పుల్ల ఒకటి పట్టుకుని, అవి కూడా పోయేదాకా వంగి నిలబడేవారు. మీరూ అలాగే కొంచెం పుల్లతో కదపండి.